వాయుగుండం వార్త వినకముందే మీ లినక్స్ రిమోట్ డెస్క్‌టాప్ చూసుకోండి

మన నెల్లూరు, ప్రకాశం జిల్లాలకి అసలు వానలంటే ఈశాన్య రుతుపవనాలవే, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. బంగాళాఖాతంలో వాయుగుండం అనగానే కొవ్వొత్తులు, పాల ప్యాకెట్లు, ఫోన్ చార్జింగ్ చూసుకుంటాం. ఆఫీసు గదిలో ఓ మూల రాత్రింబగళ్లు నడిచే లినక్స్ కంప్యూటర్ మాత్రం కరెంటు పోయాకే గుర్తొస్తుంది.

నా సెటప్ చిన్నదే. నెల్లూరులో ఒక అద్దె గది, అందులో 32 జీబీ ర్యామ్ ఉన్న పీసీ, దానిమీద డెబియన్ (ఒక రకం లినక్స్), కేవీఎం అనే సాఫ్ట్‌వేర్‌తో మూడు వర్చువల్ మెషీన్లు, అంటే ఒకే పీసీ లోపల విడివిడిగా నడిచే మూడు కంప్యూటర్లు. కావలి నుంచి ఒకరు, ఒంగోలు నుంచి ఇద్దరు ఇళ్లలోనే కూర్చుని రిమోట్ డెస్క్‌టాప్‌తో, అంటే ఆ మెషీన్ల తెరని నెట్ ద్వారా తమ ముందుకు తెచ్చుకుని, వాటిలోకి లాగిన్ అయి లెక్కలు రాస్తారు. నేనుండేది కోవూరు. పెన్న దాటితే నెల్లూరు, పట్టుమని పది కిలోమీటర్లు లేదు. ఏదన్నా అయితే బండేసుకుని వెళ్లొస్తాలే అన్న ధీమా ఉండేది.

2021 నవంబరులో పెన్నకి వరదొచ్చి పడుగుపాడు దగ్గర హైవే తెగింది, రైలు పట్టాలు కొట్టుకుపోయాయి. సరిగ్గా ఆ వారమే నేను తెలివి చూపించి, ఇంటి నుంచే యూఎఫ్‌డబ్ల్యూ ఫైర్‌వాల్ (బయటి కనెక్షన్లని అడ్డుకునే కాపలా సాఫ్ట్‌వేర్) ఆన్ చేశాను. దూరం నుంచి మెషీన్‌లోకి వెళ్లి ఆదేశాలివ్వడానికి వాడే ఎస్ఎస్‌హెచ్‌కి అనుమతి ఇవ్వడం మర్చిపోయాను. అప్పటికే తెరిచి ఉన్న కనెక్షన్‌ని ఫైర్‌వాల్ తెంచదు కాబట్టి అరగంటసేపు హాయిగా పని చేసుకున్నా, తేడా తెలియలేదు. ఇంట్లో కరెంటు ఒక్కసారి పోయొచ్చింది. అంతే, మళ్లీ లోపలికి రానివ్వలేదు. మెషీన్ అవతలి ఒడ్డున నిక్షేపంగా నడుస్తోంది, నేను ఇవతలి ఒడ్డున గోళ్లు కొరుక్కుంటున్నా.

కాబట్టి ఫైర్‌వాల్, ఎస్ఎస్‌హెచ్, నెట్‌వర్క్ జోలికి వెళ్లే పనులేవైనా ఉంటే వానలకి ముందే, మెషీన్ పక్కన కూర్చుని చేసేయండి. దూరం నుంచి చేయక తప్పకపోతే, పది నిమిషాల తర్వాత ఫైర్‌వాల్ దానంతటదే ఆగిపోయేలా ముందు ఒక ఆదేశం పెట్టి, అప్పుడు ఆన్ చేయండి. ఉన్న విండో మూయకుండా రెండో విండోలో కొత్తగా లాగిన్ అయి చూడండి. కొత్త లాగిన్ పనిచేస్తేనే ఆ ఆదేశాన్ని రద్దు చేయండి. పాత విండో బాగానే ఉంది కదా అని మోసపోవద్దు.

ఇక రిమోట్ డెస్క్‌టాప్ వాడే పోర్టు (నెట్ నుంచి లోపలికొచ్చే తలుపు) 3389ని నేరుగా ఇంటర్నెట్‌కి తెరిచిపెట్టడం. హడావిడిలో చాలామంది చేసే పని ఇదే, నాకైతే అస్సలు నచ్చదు. తెరిచిన కాసేపటికే ఎక్కడెక్కడి నుంచో పాస్‌వర్డ్ ప్రయత్నాలు మొదలవుతాయి. వీఎన్‌సీ అనే ఇంకో రిమోట్ డెస్క్‌టాప్ పద్ధతి అయితే ఇంకా లోకువ. దాని పాత పద్ధతి పాస్‌వర్డ్‌లో మొదటి 8 అక్షరాలే లెక్క, మీరు ఇరవై పెట్టినా ఒకటే. వైర్‌గార్డ్ (నెట్‌లో మీకు మాత్రమే ఉండే రహస్య దారి, వీపీఎన్) పెట్టుకుని దాని లోపలి నుంచే ఎక్స్‌ఆర్‌డీపీకి, అంటే లినక్స్‌లో రిమోట్ డెస్క్‌టాప్ ఇచ్చే సాఫ్ట్‌వేర్‌కి రండి. ఇంటి బ్రాడ్‌బ్యాండ్‌లో చాలాచోట్ల మనకంటూ సొంత పబ్లిక్ ఐపీ (బయటి నుంచి నేరుగా చేరుకోగల నెట్ చిరునామా) ఉండదు, అప్పుడు మధ్యలో ఒక చిన్న అద్దె సర్వర్ తీసుకోవాలి. మీ పీసీ వైపు వైర్‌గార్డ్‌లో కీప్‌అలైవ్ (దారి తెరిచి ఉంచడానికి పంపే చిన్న పలకరింపు) 25 సెకన్లు పెట్టడం మర్చిపోకండి. లేకపోతే ఎవరూ వాడని సమయంలో దారి మూసుకుపోతుంది, బయటి నుంచి తట్టినా తెరుచుకోదు.

కరెంటు పోయి వచ్చాక మెషీన్ దానంతటదే లేస్తుందా? ఈ ఒక్క ప్రశ్నలోనే నాలుగైదు గోతులున్నాయి. బయాస్‌లో (పీసీ ఆన్ కాగానే లినక్స్ కంటే ముందు నడిచే ప్రోగ్రామ్) ‘కరెంటు రాగానే ఆన్ కావాలి’ అన్న సెట్టింగు చాలా పీసీల్లో ఆఫ్‌లోనే ఉంటుంది. అది మార్చాక కూడా, ఇన్‌స్టాల్ చేసినప్పుడు డిస్క్ మొత్తం ఎన్‌క్రిప్ట్ చేసి (పాస్‌వర్డ్‌తో తాళం వేసి) ఉంటే, లేవగానే పాస్‌వర్డ్ అడిగి అక్కడే కూర్చుంటుంది. తాళం వేసిన గదిలో దానికి టైప్ చేసేవాళ్లెవరు? ఆ దశలోనే ఎస్ఎస్‌హెచ్‌తో వచ్చి తాళం తీయడానికి డ్రాప్‌బేర్ అనేదొకటి ఉంది, పెట్టుకోండి. వైఫై మీద నడిపితే ఇంకో చిక్కు: ఆ వైఫై పాస్‌వర్డ్ ఒక్క యూజర్ పేరు మీదే సేవ్ అయి ఉంటే, ఆ యూజర్ లాగిన్ అయ్యేదాకా నెట్ రాదు. నెట్ లేకపోతే లాగిన్ కాలేం. కేబుల్ వేసుకుంటే ఈ గొడవే లేదు. వర్చువల్ మెషీన్లకి ఆటోస్టార్ట్ విడిగా పెట్టాలి, హోస్ట్ (అసలు పీసీ) లేచినంత మాత్రాన అవి లేవవు. ఆటోమేటిక్ సస్పెండ్ (వాడకపోతే మెషీన్ దానంతటదే నిద్రపోవడం) కూడా ఆపేయండి.

ఇవన్నీ చేశాక నేను చేసే పరీక్ష మోటుగా ఉంటుంది. ఆదివారం పొద్దున, బ్యాకప్ తీసుకుని, వర్చువల్ మెషీన్లు ఆపేసి, ప్లగ్గు పీకేస్తా. ఐదు నిమిషాలాగి మళ్లీ పెట్టి, కీబోర్డు ముట్టుకోకుండా మెట్లు దిగిపోయి, రోడ్డు మీద టీ కొట్టు దగ్గర ఫోన్ డేటాతో లోపలికి వెళ్లి చూస్తా. గదిలో వైఫై నుంచి చూస్తే అది పరీక్షే కాదు.

బ్యాకప్ అన్నాను కదా, స్నాప్‌షాట్ (వర్చువల్ మెషీన్ ఒక క్షణంలో ఉన్న స్థితిని దాచుకోవడం) బ్యాకప్ కాదు. అది అదే డిస్క్‌లో ఉంటుంది, డిస్క్ పోతే రెండూ పోతాయి. నడుస్తున్న మెషీన్ డిస్క్ ఫైలుని అలాగే కాపీ చేసినా నమ్మకం లేదు. ఆపి, కాపీ చేసి, ఆ డిస్క్‌ని వేరే ఊళ్లో పెట్టండి. నాది కావలిలో ఉంటుంది.

డెస్క్‌టాప్ విషయానికొస్తే, తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ చాలు. నెట్ నత్తనడక నడిచే రోజుల్లో వాల్‌పేపరూ, నీడలూ, యానిమేషన్లూ తీసేస్తే ప్రాణం లేచొస్తుంది. లాగిన్ కాగానే నల్ల తెర వస్తే కంగారుపడకండి. చాలాసార్లు కారణం ఒకటే, అదే యూజర్ ఆ మెషీన్ అసలు తెర మీద కూడా లాగిన్ అయి ఉండటం. మీ వాళ్లకి ఇంకో సంగతి ముందే చెప్పాలి: నెట్ తెగితే సెషన్ (తెరిచి ఉంచిన డెస్క్‌టాప్) పోదు, మళ్లీ వస్తే పని ఎక్కడిదక్కడే ఉంటుంది. అయితే ఫోన్ నుంచి వేరే కలర్ డెప్త్‌తో (తెర రంగుల సెట్టింగుతో) వస్తే కొత్త సెషన్ తెరుచుకోవచ్చు. ఒంగోలు ఆవిడ ఒకసారి ఖాళీ తెర చూసి ‘రెండ్రోజుల లెక్కలు పోయాయండీ’ అని ఏడుపు గొంతుతో ఫోన్ చేశారు. పాత సెట్టింగుతో రాగానే అన్నీ ఉన్నాయి.

యూపీఎస్ పీసీకే కాదు, రౌటర్‌కీ ఫైబర్ డబ్బాకీ కూడా ఉండాలి. వాటికి 12 వోల్టుల చిన్న యూపీఎస్‌లు దొరుకుతాయి, కొనేముందు అడాప్టర్ మీద వోల్టులు చూసుకోండి. బ్యాటరీ తగ్గగానే మెషీన్లని పద్ధతిగా ఆపడానికి నట్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టాను.

2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర మిగ్‌జాం తుపాను తీరం దాటింది. దానికి ముందురోజు రాత్రి ఇవన్నీ సిద్ధంగా ఉన్నా మెషీన్ ఠక్కున ఆగిపోయింది. తెల్లారి కింద ఇంటాయనకి ఫోన్ చేస్తే, ‘అబ్బయా, రాత్రంతా మీ రూములో ఏందో కుయ్ కుయ్‌మంటా ఉంటే తాళం తీసి నేనే ఆపేశా’ అన్నాడు. ఇప్పుడు యూపీఎస్ మీద ఎర్ర స్కెచ్‌తో కాగితం అంటించి ఉంది: ‘అరిస్తే అరవనీండి. స్విచ్ ముట్టుకోకండి. నాకు ఫోన్ చేయండి.’ కింద నా నంబరు, పక్కన మా ఆవిడ నంబరు.