స్థలం డెవలప్‌మెంటుకు ఇస్తే పన్ను ఏ ఏడాది? (మూడో పాఠం)

గత రెండు పాఠాల్లో మూలధన లాభం అంటే ఏమిటో, పాత ఆస్తికి 2001 ఏప్రిల్ 1 నాటి విలువ ఎలా కట్టాలో నేర్చుకున్నాం. ఈ పాఠానికి ఒకే ప్రశ్న. స్థలం మీది, కట్టేది బిల్డరు, ఫ్లాట్లు చెరి సగం. మరి పన్ను ఏ ఏడాది పడుతుంది?

2017కు ముందు చాలామందిని దెబ్బతీసింది ఈ ప్రశ్నే. స్థలాన్ని బిల్డరుకు స్వాధీనం చేసిన ఏడాదే ఆస్తి బదిలీ అయినట్లు లెక్కగట్టి ఆదాయపు పన్ను శాఖ నోటీసులిచ్చేది. అప్పట్లో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు దస్తావేజులన్నీ ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని నా దగ్గరికి వచ్చారు. తిరుపతి కొర్లగుంటలో ఆయన స్థలంలో అప్పటికి లేచినవి స్తంభాలు మాత్రమే, పైకి పొడుచుకొచ్చిన ఇనుప చువ్వలు తుప్పు పట్టి ఉన్నాయి. చేతికి ఒక్క గది కూడా రాలేదు. పన్ను మాత్రం లక్షల్లో కట్టమన్నారు. ఆయన ముఖం గుర్తొచ్చినప్పుడల్లా ఈ విషయం నలుగురికీ చెప్పాలనిపిస్తుంది.

2017 ఫైనాన్స్ చట్టం ఈ బాధకు విరుగుడుగా 45(5ఎ) సెక్షన్ తెచ్చింది. వ్యక్తి గానీ, హిందూ అవిభక్త కుటుంబం గానీ రిజిస్టర్ అయిన ఒప్పందంతో స్థలాన్ని డెవలప్‌మెంటుకు ఇచ్చి, ప్రతిఫలంగా కట్టడంలో వాటా తీసుకుంటే, ప్రాజెక్టు నిర్మాణం పూర్తయిందని అధికారులు ఇచ్చే ధ్రువపత్రం వచ్చిన ఏడాదే పన్ను పడుతుంది. వాటాతో పాటు కొంత నగదు ఉన్నా ఫర్వాలేదు. మొత్తం ప్రతిఫలం నగదే అయితే మాత్రం ఈ సెక్షన్ వర్తించదు. (ఈ పాఠాల్లోని సెక్షన్ నంబర్లు 1961 చట్టానివి. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యే 2025 చట్టంలో నంబర్లు మారాయి.)

ఇప్పుడు లెక్క చేద్దాం. తిరుచానూరు రోడ్డులో 100 అంకణాల స్థలం అనుకోండి. అంకణం కొలత ఊరిని బట్టి మారుతుంది కాబట్టి దస్తావేజులో ఉన్న 400 చదరపు గజాలనే పట్టుకుందాం. తండ్రి 1988లో కొన్నారు. ఆయన పోయాక తల్లి, కూతురు, కొడుకు సమాన హక్కుదారులు. 2024 సెప్టెంబరులో బిల్డరుతో ఒప్పందం రిజిస్టరు చేశారు. 12 ఫ్లాట్లలో 6 కుటుంబానికి, అంటే తలా రెండు. దానికి తోడు తలా 10 లక్షల నగదు.

ఒప్పందానికి ముందు కొడుకు ఒక ఆలోచన చెప్పాడనుకుందాం. "అమ్మా, ముగ్గురం భాగస్వామ్య సంస్థ పెట్టి స్థలం అందులో వేద్దాం. బిల్డరు కూడా భాగస్వామి అవుతాడు. లెక్కలన్నీ ఒకే చోట ఉంటాయి." వినడానికి బాగుంది, కానీ ఇక్కడే జాగ్రత్త కావాలి. స్థలాన్ని సంస్థకు పెట్టుబడిగా ఇచ్చిన మరుక్షణం 45(3) సెక్షన్ వర్తిస్తుంది. సంస్థ పుస్తకాల్లో ఆ స్థలానికి రాసిన విలువే అమ్మకపు ధర అవుతుంది, పన్ను ఆ ఏడాదే పడుతుంది. ఇటుక కూడా పేర్చకముందే! పైగా సంస్థ వ్యక్తి కాదు, అవిభక్త కుటుంబమూ కాదు. కాబట్టి ఆ తర్వాత 45(5ఎ) వాయిదా కూడా దానికి దక్కదు. స్థలం ముగ్గురి పేర్ల మీదే ఉండాలి, బిల్డరుతో ఉన్నది ఒప్పందంగానే ఉండాలి. నా సలహా ఎప్పుడూ ఇదే.

ధ్రువపత్రం 2027లో వచ్చిందనుకోండి. ఆ రోజున సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయపు విలువ ప్రకారం ఫ్లాటు 40 లక్షలు. ఒక్కొక్కరికి రెండు ఫ్లాట్లు 80 లక్షలు, నగదు 10 లక్షలు, మొత్తం 90 లక్షలు. బిల్డరు వైపు వెళ్లింది సగం స్థలం, 200 గజాలు. 2001లో గజం 3,000 అనుకుంటే 6 లక్షలు, తలా 2 లక్షలు. లాభం 88 లక్షలు. 12.5 శాతం చొప్పున పన్ను 11 లక్షలు, సర్‌చార్జీ, సెస్సు అదనం. 2024 జూలై 23కు ముందు వచ్చిన ఆస్తి కాబట్టి కొనుగోలు విలువను ద్రవ్యోల్బణ సూచీతో పెంచి, మిగిలిన లాభంపై 20 శాతం లెక్క కూడా వేసి చూడాలి. ఇక్కడ అది ఎక్కువే తేలుతుంది.

నగదు ఇచ్చేటప్పుడే బిల్డరు 194-ఐసీ సెక్షన్ కింద 10 శాతం, అంటే లక్ష రూపాయలు కోసుకుని ప్రభుత్వానికి కడతాడు. దాన్ని ఆ ఏడాది రిటర్నులో వాడుకోవద్దు. లాభం చూపే ఏడాదికి ముందుకు తీసుకెళ్లాలి. చాలామంది ఈ లక్షను మరిచిపోతారు. మీ పేరున జమైన పన్నును చూపే 26ఏఎస్ కాగితం ఒక ప్రతి తీసి దస్తావేజుతో కలిపి దాచండి.

మిగిలిన 10 లక్షలు ఎక్కడి నుంచి రావాలి? ముందు వచ్చిన నగదు ఎప్పుడో పెళ్లికో చదువుకో అయిపోయి ఉంటుంది. అందుకే ఆ నగదులో పెద్ద భాగం డిపాజిట్‌లో ఉంచమని పదే పదే చెబుతాను. ఇంకొకటి: బిల్డరు ఆలస్యం చేస్తే విలువ పెరుగుతుంది. ఫ్లాటు 46 లక్షలకు చేరితే ఒక్కొక్కరి లాభం 12 లక్షలు, పన్ను లక్షన్నర పెరుగుతాయి. ఆ పెరిగిన విలువే రేపు ఫ్లాటు అమ్మేటప్పుడు కొనుగోలు ధరగా లెక్కకు వస్తుంది, నిజమే. కానీ ముందుగా చేతి నుంచి కట్టాల్సింది మీరే. కాబట్టి ఒప్పందంలో గడువు తేదీ రాయించండి. ధ్రువపత్రం అందిన వెంటనే దాని ప్రతిని మీకు లిఖితపూర్వకంగా పంపాలని కూడా రాయించండి. ప్రాజెక్టులో కొంత భాగానికే ధ్రువపత్రం వచ్చినా గడియారం తిరగడం మొదలవుతుంది. ఆ కబురు యజమానికి చేరక గడువు దాటిన సందర్భాలు నేను చూశాను.

అభ్యాసం: పై కుటుంబంలో కూతురు, ధ్రువపత్రం రాకముందే 2026లో తన వాటాను వేరొకరికి అమ్మేసింది. ఆమెకు పన్ను ఏ ఏడాది పడుతుంది? తల్లికి, తమ్ముడికి ఏమైనా మారుతుందా? 45(5ఎ)లోని మినహాయింపు వాక్యం చదివి జవాబు రాసుకోండి. నాలుగో పాఠం అక్కడి నుంచే మొదలుపెట్టి మూలధన లాభంపై పన్ను మినహాయింపు ఇచ్చే 54ఎఫ్, 54ఈసీ సెక్షన్లకు వెళదాం.