ఏరోనాటికల్ స్వయంగా నేర్చుకుందాం – 3వ పాఠం: స్టాల్ స్పీడ్ లెక్క

ముందు పోయిన పాఠంలో ఇచ్చిన లెక్క చూద్దాం: పీడనం, ఉష్ణోగ్రత ఇచ్చి గాలి సాంద్రత కట్టమన్నాం (సాంద్రత = పీడనం ÷ (287 × కెల్విన్లలో ఉష్ణోగ్రత)). పీడనం 95,100 పాస్కల్స్, ఎండ 40 డిగ్రీలు. సముద్రమట్టానికి దాదాపు 530 మీటర్ల ఎత్తులో ఉన్న బేగంపేట ఎయిర్‌పోర్టులో మే నెల మధ్యాహ్నం ఇంచుమించు ఇలాగే ఉంటుంది. గాలి సాంద్రత ఘనపు మీటరుకు 1.06 కిలోలు రావాలి. మీకు 8 పైచిలుకు వచ్చిందా? అయితే 40కి 273 కలిపి 313 కెల్విన్ వేయాల్సిన చోట 40 వేసేశారన్నమాట. సముద్రమట్టం దగ్గర ప్రామాణిక విలువే 1.225 కదా, 8 కనిపించగానే అనుమానం రావాలి.

ఇక ఈ పాఠం. స్టాల్ అంటే ఇంజిన్ ఆగిపోవడం కాదు. రెక్కను గాలికి ఎదురుగా మరీ ఎత్తితే, మామూలు రెక్కకైతే 15 డిగ్రీలు దాటాక, పైభాగాన అంటుకుని పారే గాలి విడిపోతుంది. ఇంజిన్ గర్జిస్తూనే ఉంటుంది, లిఫ్ట్ (విమానాన్ని పైకి ఎత్తే బలం) మాత్రం పడిపోతుంది. ఆ అంచున ఉండే లిఫ్ట్ గుణకమే గరిష్ఠ గుణకం. సూత్రం మీకు తెలిసిందే:

లిఫ్ట్ = ½ × సాంద్రత × వేగం వర్గం × రెక్క వైశాల్యం × లిఫ్ట్ గుణకం

నిలకడగా ఎగిరేటప్పుడు లిఫ్ట్, బరువు సమానం. గరిష్ఠ గుణకంతో ఆ లిఫ్ట్ అందే కనిష్ఠ వేగమే స్టాల్ స్పీడ్. ఫ్లయింగ్ స్కూళ్లలో బాగా కనిపించే సెస్నా 172ఎస్ తీసుకుందాం. గరిష్ఠ బరువు 1,157 కిలోలు, అంటే 11,350 న్యూటన్లు. రెక్క వైశాల్యం 16.2 చదరపు మీటర్లు. ఫ్లాప్స్ (రెక్క వెనక అంచున కిందికి దించే పలకలు) దించకుండా స్టాల్ స్పీడ్ 53 నాట్లు (నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు). నాట్లను అలాగే సూత్రంలో వేయకండి, 0.5144తో గుణిస్తే సెకనుకు 27.26 మీటర్లు. సాంద్రత 1.225 వేసి వెనక్కి కడితే గరిష్ఠ గుణకం 1.54 వస్తుంది.

ఈ 1.54 రెక్క ఆకారానికి సంబంధించింది. ఊరు మారినా, ఎండ ముదిరినా దాదాపు మారదు. కాబట్టి దాన్నే బేగంపేట సాంద్రతతో కలిపి వేగం కట్టండి. సెకనుకు 29.3 మీటర్లు, అంటే 57 నాట్లు.

ఇక్కడే చాలామంది తడబడతారు. హైదరాబాద్‌లో పైలట్ 57 చూసి జాగ్రత్తపడాలా? అక్కర్లేదు. వేగం చూపించడానికి విమానానికి పెట్టే పిటో ట్యూబ్ (ఎదురుగాలికి నోరు తెరిచి ఉండే గొట్టం) కొలిచేది వేగాన్ని కాదు, పీడనాల తేడాని. ఆ తేడాని వేగంగా చూపించే డయల్ మీద గీతలు 1.225 సాంద్రత అనుకుని గీసినవి. గాలి పలచబడితే లిఫ్ట్ ఎంత తగ్గుతుందో, పిటోలో ఆ పీడనం తేడా కూడా అంతే తగ్గుతుంది. అందుకే ముల్లు 53 దగ్గరే ఉన్నప్పుడు విమానం నిజంగా 57తో పోతూ ఉంటుంది. పైలట్ గుర్తుపెట్టుకునే అంకె మారదు, ఇది పెద్ద సుఖం.

ఆ సుఖం రన్‌వే దగ్గర చెల్లదు. చక్రాలు దొర్లేది అసలు వేగంతో, ఆగడానికి పట్టే దూరం ఆ వేగం వర్గాన్ని బట్టి. 57ని 53తో భాగించి వర్గం చేయండి: 1.16. అంటే అదే బ్రేకులతో 16 శాతం ఎక్కువ దూరం. టేకాఫ్‌లో ఇంకా కష్టం, పలచటి గాలిలో ఇంజిన్ శక్తి కూడా తగ్గుతుంది. వేసవిలో ట్రైనింగ్ ఫ్లైట్లు పొద్దున్నే పెట్టుకోవడానికి ఇదొక కారణం.

గేట్ పరీక్షలో ఏఈ (ఏరోస్పేస్ ఇంజినీరింగ్) పేపర్‌కి చదివేవాళ్లకు ఒక మాట. ఆప్షన్లు లేకుండా అంకె టైప్ చేయాల్సిన ప్రశ్నలకు నెగెటివ్ మార్కులు ఉండవు గానీ, ఊహించడానికి ఆధారమూ ఉండదు. యూనిట్లు ముందే మార్చి పక్కన రాసుకోండి.

ఇంటిపని రెండు లెక్కలు. ఒకటి: ఫ్లాప్స్ పూర్తిగా దించితే ఇదే విమానం స్టాల్ స్పీడ్ 48 నాట్లు, గరిష్ఠ గుణకం ఎంత? రెండు: బరువు 1,000 కిలోలే ఉంటే, ఫ్లాప్స్ దించకుండా, సముద్రమట్టం దగ్గర స్టాల్ స్పీడ్ ఎంత? రెండోదానికి సూత్రమంతా మళ్లీ కట్టక్కర్లేదు, బరువుల నిష్పత్తికి వర్గమూలం చాలు. జవాబులు వచ్చే పాఠంలో. అందులోనే 60 డిగ్రీలు వాలి మలుపు తిరిగితే ఈ 53 కాస్తా 75 ఎలా అవుతుందో చూద్దాం.