ఇంటి వర్క్‌షాప్‌లో కంప్రెసర్‌కు తక్కువ ఖర్చుతో అదనపు ఎయిర్ ట్యాంక్

చిన్న కంప్రెసర్‌తో పని చేసేవారికి తరచుగా ఎదురయ్యే ఇబ్బంది ఒకటే: ఇంపాక్ట్ రెంచ్‌తో బోల్టు విప్పుతుండగానో, స్ప్రే గన్‌తో రంగు వేస్తుండగానో ట్యాంకులో ప్రెజర్ పడిపోతుంది. పెద్ద కంప్రెసర్ కొనడం కంటే ఉన్నదానికి మరో ట్యాంక్ జత చేయడం చాలా చవక. అయితే ట్యాంక్ గాలిని నిల్వ చేస్తుందే తప్ప తయారు చేయదు. కాసేపు వాడి కాసేపు ఆపే పనులకు అది ఎంతో మేలు చేస్తుంది కానీ, శాండ్‌బ్లాస్టింగ్ (గాలి వేగంతో ఇసుకను చిమ్మి తుప్పు, రంగు తొలగించడం) లాంటి ఎడతెగని పనికి ఎన్ని ట్యాంకులు పెట్టినా లాభం ఉండదు.

లెక్క వేసి చూస్తే ఈ సంగతి స్పష్టమవుతుంది. 100 లీటర్ల ట్యాంకులో ప్రెజర్ 8 బార్ (బార్ అంటే ప్రెజర్ కొలమానం) నుంచి 6 బార్‌కు దిగేలోగా మనకు దక్కేది సుమారు 200 లీటర్ల మామూలు గాలి. నిమిషానికి 300 లీటర్లు వాడే పనిముట్టును కంప్రెసర్ సాయం లేకుండానే అది 40 సెకన్లు నడుపుతుంది. అదే ట్యాంకును ఖాళీ స్థితి నుంచి 8 బార్లకు నింపడానికి నిమిషానికి 100 లీటర్లు ఇచ్చే కంప్రెసర్ 8 నిమిషాలు అదనంగా నడవాలి. చిన్న మోటార్లు చాలావరకు విరామం లేకుండా నడవడానికి తయారైనవి కావు కాబట్టి, అంతసేపు నడిస్తే మీ మోటారు తట్టుకుంటుందో లేదో మాన్యువల్‌లో చూసుకున్నాకే ట్యాంక్ పరిమాణాన్ని నిర్ణయించుకోవాలి.

ఇక ట్యాంక్ ఎంపిక. మోటారు కాలిపోయి మూలపడ్డ కంప్రెసర్ల ట్యాంకులు, లారీల ఎయిర్ బ్రేక్ ట్యాంకులు పాత సామాను అమ్మేవారి దగ్గర తక్కువ ధరకు దొరుకుతాయి. ట్యాంకుపై గరిష్ఠ ప్రెజర్ తెలిపే ప్లేటు చదవడానికి వీలుగా ఉండాలి, ఆ అంకె మీ కంప్రెసర్ ఆగిపోయే ప్రెజర్ కంటే ఎక్కువగా ఉండాలి. ప్లేటు లేని ట్యాంకును ఉచితంగా ఇచ్చినా తీసుకోకండి. గాలిలోని తేమ నీరై అడుగున చేరుతుంది కనుక తుప్పు లోపలి నుంచే మొదలవుతుంది; బయట రంగు నిగనిగలాడుతున్నా నమ్మడానికి లేదు. ప్లగ్ విప్పి టార్చితో లోపలికి చూడండి. ఎర్రటి పలుచని పొర ఉంటే ఫరవాలేదు. పెచ్చులు ఊడుతున్నా, గుంటలు కనిపించినా, అడుగున సుత్తితో మెల్లగా తట్టినప్పుడు మిగతా చోట్ల మోగినట్లు మోగకపోయినా ఆ ట్యాంకును వదిలేయండి. వెల్డింగ్‌తో అతుకు వేసిన ట్యాంకులు కూడా పనికిరావు. గ్యాస్ సిలిండర్లు, ఒకసారి వాడి పారేసే రిఫ్రిజెరెంట్ డబ్బాలు, పీవీసీ గొట్టాలతో చేసిన ట్యాంకుల జోలికి అసలే వెళ్లవద్దు. పీవీసీ పగిలితే కత్తుల్లాంటి ముక్కలుగా ఎగిరిపడుతుంది.

పాత ట్యాంకులోకి గాలి ఎక్కించే ముందు నీటితో పరీక్షించడం తప్పనిసరి. 100 లీటర్ల ట్యాంకులో 8 బార్ల గాలి దాచుకునే శక్తి, టన్ను బరువున్న కారు గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్నప్పుడు ఉండే శక్తికి తక్కువేమీ కాదు. గాలితో పరీక్షిస్తుండగా ట్యాంక్ పగిలితే ఆ శక్తి అంతా ఒక్కసారిగా బయటపడుతుంది. నీరు దాదాపుగా కుదించుకోదు కనుక నీటితో పరీక్షిస్తే చిన్న చిమ్ముతోనే ప్రెజర్ పడిపోతుంది. ట్యాంకును నిండా నీటితో నింపి, లోపల గాలి బుడగ మిగలకుండా చూసి, చేతి పంపుతో పని ప్రెజర్‌కు ఒకటిన్నర రెట్లు, అంటే 8 బార్లకైతే 12 బార్ల వరకు పెంచి, అరగంట ఉంచండి. ప్లేటుపై టెస్ట్ ప్రెజర్ విడిగా ముద్రించి ఉంటే దాన్ని మించకూడదు. గేజ్ ముల్లు దిగినా, అతుకుల దగ్గర చెమ్మ కనిపించినా, ట్యాంక్ ఉబ్బినట్లు అనిపించినా ఆ ట్యాంక్ పనికిరాదు. ఈ పరీక్ష చేసిపెట్టే అర్హత గలవారు అందుబాటులో ఉంటే వారి చేత చేయించడమే మేలు.

బిగింపులో మొదటి స్థానం సేఫ్టీ వాల్వ్‌ది. దాన్ని కొత్తదే కొని, ట్యాంకుకు నేరుగా, మధ్యలో ఏ వాల్వూ లేకుండా బిగించాలి. అది తెరుచుకునే ప్రెజర్ ప్లేటుపై ఉన్న గరిష్ఠాన్ని దాటకూడదు. ప్రెజర్ గేజ్ కూడా ట్యాంకుకే ఉండాలి. కంప్రెసర్ అదురుతుంది కనుక రెండు ట్యాంకుల మధ్య గట్టి పైపు వేస్తే కొన్నాళ్లకు అతుకు దగ్గర చీలుతుంది. కంప్రెసర్ గరిష్ఠ ప్రెజర్‌కు తగిన అర అంగుళం రబ్బరు హోస్ వాడి, దారిలో ఒక బాల్ వాల్వ్ పెట్టండి. చిన్న పని ఉన్నరోజు ఆ వాల్వ్ మూసేస్తే కంప్రెసర్ సొంత ట్యాంక్ మాత్రమే నిండుతుంది, సమయం కలిసివస్తుంది. ఆ వాల్వ్ తెరిచి ఉన్నప్పుడు పనిముట్లకు గాలిని కొత్త ట్యాంక్ పైభాగం నుంచి తీసుకోవాలి. గాలి అక్కడ చల్లబడి తేమను అడుగున వదిలేస్తుంది కాబట్టి గన్‌కు తేమ తక్కువగా ఉన్న గాలి అందుతుంది; రంగు వేసేవారికి ఈ ఒక్క లాభం చాలు.

ఫిట్టింగుల థ్రెడ్ విషయంలో తొందరపడవద్దు. పైపు థ్రెడ్లలో బీఎస్‌పీ (బ్రిటిష్), ఎన్‌పీటీ (అమెరికన్) అని రెండు ప్రమాణాలున్నాయి; అర అంగుళం సైజులో రెండింటికీ అంగుళానికి 14 థ్రెడ్లే కావడంతో ఒకదానిలో మరొకటి ఎక్కినట్లే ఉంటుంది. కానీ వాటి కోణాలు వేరు, ఒకటి 55 డిగ్రీలు, మరొకటి 60. అందువల్ల ఎంత బిగించినా గాలి కారుతూనే ఉంటుంది. లారీ ట్యాంకులకు తరచుగా మెట్రిక్ థ్రెడ్ ఉంటుంది కాబట్టి అడాప్టర్ అవసరమవుతుంది. టెఫ్లాన్ టేపును బిగించే దిశలోనే మూడు నాలుగు చుట్లు చుట్టి, మొదటి థ్రెడ్‌ను ఖాళీగా వదలండి. లేకపోతే తెగిన పోగులు వాల్వుల్లో ఇరుక్కుంటాయి.

ట్యాంకును డ్రెయిన్ కాక్ (అడుగున చేరిన నీటిని వదిలే కుళాయి) వైపు కొద్దిగా వాలేలా నిలిపి, మొదట 2 బార్ల వరకే నింపి, ప్రతి అతుకుపై సబ్బు నీళ్లు రాయండి. బుడగలు వస్తే ముందు ప్రెజర్ పూర్తిగా తీసేసి, ఆ తర్వాతే బిగించాలి. అంతా సరిగ్గా ఉంటే పూర్తి ప్రెజర్‌కు పెంచి, వాల్వులు మూసి రాత్రంతా వదిలి, పొద్దున గేజ్ చూడండి. గది చల్లబడితే ముల్లు కాస్త దిగడం సహజమే, సగానికి పడిపోతే మాత్రం ఎక్కడో కారుతున్నట్లే. వాడిన ప్రతిరోజూ పని ముగిశాక డ్రెయిన్ తెరిచి నీరు వదిలేయాలి. నెలకోసారి సేఫ్టీ వాల్వ్ రింగు లాగి, అది తెరుచుకుని మళ్లీ పూర్తిగా మూసుకుంటోందో లేదో చూసుకోవాలి.