స్టాండింగ్ డెస్క్ పాఠాలు – 2: ముందు కింది ఎత్తు చూడండి

మొదటి పాఠంలో కుర్చీ సంగతి చూశాం. పాదాలు నేలకు పూర్తిగా ఆనాలి, తొడలు నేలకు సమాంతరంగా ఉండాలి, నడుము వెనక్కి ఆనాలి, ఆ ప్రకారం కుర్చీ సర్దుకుని దాన్ని కదపకుండా ఉంచమన్నాను. అది చేయకపోతే ముందు అది చేసి రండి, ఎందుకంటే ఈరోజు తీసే కొలతలు ఆ కుర్చీలో కూర్చునే తీయాలి.

స్టాండింగ్ డెస్క్ అంటే కూర్చునీ, నిలబడీ పని చేసుకునేలా ఎత్తు మార్చుకునే బల్ల. ఈ పాఠంలో మీ ఒంటికి ఎంత ఎత్తు బల్ల కావాలో కొలుచుకోవడం, ఆ కొలతకు దిగే కాళ్ల చట్రాన్ని, అంటే ఫ్రేమ్‌ను ఎంచుకోవడం నేర్చుకుందాం. పైన వేసే చెక్క (టాప్) గురించి వచ్చే పాఠంలో వివరంగా చెప్తాను, ఇక్కడ దాని బరువు, మందం వరకే.

విజయవాడ బందరు రోడ్డులో ఏ ఫర్నిచర్ షోరూముకి వెళ్లినా సరే, గుంటూరు లక్ష్మీపురంలో చూసినా సరే, ఈ బల్ల దగ్గరికి వెళ్లగానే బటన్ నొక్కి పైకి లేపి చూపిస్తారు. చూడ్డానికి బాగుంటుంది, మనకీ అదే కొత్త, కాబట్టి అది ఎంత పైకి వెళ్తుందనే అడుగుతాం. మీరు మాత్రం దాన్ని పూర్తిగా అడుగుకి దింపమనండి. దించాక నేల నుంచి టాప్ పైఅంచు దాకా టేపు పెట్టి కొలవండి. ఈ బల్ల మీకు పనికొస్తుందా లేదా అన్నది ముప్పాతిక వంతు ఆ ఒక్క అంకెలోనే తేలిపోతుంది.

ఎందుకంటే స్టాండింగ్ డెస్క్ కొన్నా మనం ఎక్కువసేపు గడిపేది కూర్చునే. 2015లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్‌లో నిపుణుల సిఫార్సు ఒకటి వచ్చింది. ఆఫీసు పని చేసేవాళ్లు పని గంటల్లో మొదట 2 గంటలు నిలబడడమో, కాస్త అటూ ఇటూ నడవడమో అలవాటు చేసుకుని, మెల్లగా దాన్ని 4 గంటలకు పెంచుకోవాలని అందులో చెప్పారు. రోజంతా నిలబడమని ఎవరూ చెప్పలేదు, అలా నిలబడితే కాళ్ల వాపులు, నరాల ఉబ్బులు వేరే వస్తాయి. అంటే ఎనిమిది గంటల డ్యూటీలో ఎంత పట్టుదలగా చేసినా సగం సమయం కూర్చునే ఉంటారు. కూర్చున్నప్పుడు సరిపోని బల్ల నిలబడ్డప్పుడు ఎంత బాగుంటే మాత్రం ఏం లాభం?

ఇక కొలతలు. టేపు, పెన్సిలు, ఇంట్లో ఇంకొక మనిషి కావాలి. మీ టేపు మీరే పట్టుకుని కొలుచుకోకండి, వంగి కిందికి చూసేసరికి భుజం జారిపోయి రెండు మూడు సెంటీమీటర్లు తేడా వచ్చేస్తుంది. కుర్చీలో కూర్చుని ఒకసారి భుజాలు పైకి ఎగరేసి వదిలెయ్యండి, అవి ఎక్కడ పడితే అక్కడే ఉంచండి. ఇప్పుడు మోచేతిని పక్కటెముకలకు ఆనించి 90 డిగ్రీలు మడవండి. నేల నుంచి మోచేతి అడుగుభాగం దాకా ఎంతుందో రెండో మనిషి కొలవాలి. అది మీ కూర్చునే కొలత. తర్వాత గోడ పక్కన నిటారుగా నిలబడి అదే పని చేయండి, మోచేతి దగ్గర గోడ మీద పెన్సిలుతో గీత పెట్టించుకోండి. అది నిలబడే కొలత. కూర్చున్నా నిలబడ్డా బల్ల పైభాగం అప్పటి కొలతకు సరిగ్గా సమానంగా గానీ, కీబోర్డు మందం పోను ఒకటి రెండు సెంటీమీటర్లు తక్కువగా గానీ ఉండాలి.

ఇక్కడ ఒక విషయం గట్టిగా పట్టుకోండి. బయటి దేశాల వాళ్లు రాసిన కొలతల పట్టికలు చాలావరకు బూట్లు వేసుకుని నిలబడతారన్న లెక్కతో ఉంటాయి. మనం ఇంట్లో టైల్స్ మీద ఒట్టి కాళ్లతో నిలబడతాం. బూటు అడుగు రెండు మూడు సెంటీమీటర్లు ఉంటుంది కాబట్టి ఆ పట్టికలు చూసి సెట్ చేసుకుంటే బల్ల అంతమేరా ఎత్తయిపోతుంది. అందుకే ఇంట్లో వాడేది ఇంట్లో ఎలా నిలబడతారో అలాగే నిలబడి కొలవాలి. గట్టి టైల్స్ మీద ఒట్టి కాళ్లతో ఎక్కువసేపు నిలబడితే మడమలు నొప్పి పుడతాయి, దానికి మెత్తటి మ్యాట్ వేసుకునేట్టయితే ఆ మ్యాట్ మీద నిలబడి కొలవండి.

గుంటూరు బ్రాడీపేటలో మా వదిన ఇంటి నుంచే మెడికల్ కోడింగ్ పని చేస్తుంది. ఎత్తు ఐదడుగులు. కూర్చుని కొలిస్తే మోచేయి 59 సెంటీమీటర్ల దగ్గర ఉంది, నిలబడితే 96. ఆమె పని చేసుకునే చెక్క బల్ల మామూలు రెండున్నర అడుగుల బల్ల, అంటే 76 సెంటీమీటర్లు. ఆమె మోచేతి కన్నా దాదాపు జానెడు ఎత్తు. టైప్ చేస్తుంటే పక్కనుంచి చూశాను, రెండు భుజాలూ చెవుల వైపు లేచి ఉన్నాయి, మణికట్లు బల్ల అంచు మీద ఒత్తుకుని అక్కడ ఎర్రటి గీత పడి ఉంది. "వదినా, ఒక్కసారి చేతులు ఒళ్లో పెట్టుకుని భుజాలు వదిలెయ్యి" అన్నాను. వదిలింది. "ఇప్పుడు కీబోర్డు మీద పెట్టు" అన్నాను. చేతులతో పాటు భుజాలు మళ్లీ లేచాయి. "అంటే సాయంత్రానికి మెడ పట్టేసేది దీనివల్లేనా, నేను దిండు మార్చాలనుకుంటున్నానే!" అంది. మెడనొప్పికి ఇంకా కారణాలు ఉండొచ్చు, అది డాక్టరు చెప్పాలి. కానీ రోజుకు అన్ని గంటలు భుజాలు ఎత్తిపట్టి ఉంచడం మాత్రం కళ్లెదుట కనిపిస్తున్న సంగతి.

మా అన్నయ్య ఐదడుగుల పదకొండు అంగుళాలు. అతనికి కూర్చుంటే 70, నిలబడితే 113. ఒకే బల్ల ఇద్దరూ వాడాలంటే పొట్టివాళ్లు కూర్చునే కొలత నుంచి పొడుగువాళ్లు నిలబడే కొలత దాకా అది తిరగాలి, అంటే ఆ ఇంటికి 59 నుంచి 113. మీ ఇంట్లో కూడా ఈ రెండు అంకెలే రాసుకోండి. పిల్లలు కూడా ఆ బల్ల దగ్గరే చదువుకుంటారంటే మొదటి అంకె ఇంకా కిందికి పోతుంది.

ఇప్పుడు ఫ్రేమ్‌కి వద్దాం. బల్ల కాళ్లు ఒకదాంట్లోంచి ఒకటి బయటికి వచ్చే గొట్టాలు. రెండు గొట్టాల కాలు ఉంటుంది, దాన్ని టూ స్టేజ్ అంటారు. మూడు గొట్టాలది త్రీ స్టేజ్. టూ స్టేజ్ ఫ్రేములు సాధారణంగా 70–72 సెంటీమీటర్ల దగ్గర ఆగిపోతాయి, పైకి 118–120 దాకా వెళ్తాయి. త్రీ స్టేజ్ అయితే 60–62 దాకా దిగి, పైకి 125 దాటి కూడా వెళ్తుంది. గొట్టాలు మూడు ఉన్నాయి కాబట్టి ఒక్కొక్కటీ పొట్టిగా ఉన్నా సరిపోతుంది, అందుకే మడిచినప్పుడు అంత కిందికి వస్తుంది.

పైగా ఈ అంకెలు చాలాచోట్ల ఒట్టి ఫ్రేమ్‌వి. దాని మీద 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్, రెండు వైపులా లామినేట్ వేస్తే ఇంకో 2 సెంటీమీటర్లు, 25 మిల్లీమీటర్ల బోర్డు వేస్తే రెండున్నర కలుపుకోవాలి. అందుకే అమ్మేవాళ్లను "మీరు చెప్పే ఎత్తు టాప్‌తో కలిపా, టాప్ లేకుండానా?" అని తప్పకుండా అడగాలి. ఇప్పుడు లెక్క వేయండి. టూ స్టేజ్ ఫ్రేమ్ 71, టాప్ 2, మొత్తం 73. మా వదిన పాత బల్ల 76. అంత డబ్బు పోసి కొన్నా ఆమె కూర్చునే ఎత్తులో వచ్చే మార్పు మూడు సెంటీమీటర్లు! నిలబడ్డప్పుడు హాయిగా ఉంటుంది, కూర్చోగానే భుజాలు మళ్లీ చెవుల దగ్గరికి వస్తాయి. తక్కువ ధరకు వచ్చేవి ఎక్కువగా టూ స్టేజ్‌వే. మన దగ్గర ఐదడుగులు, ఐదడుగుల రెండు అంగుళాల ఆడవాళ్లు ఇంటింటా ఉన్నారు, వాళ్లకు పనికిరాని బల్ల వాళ్లకే అంటగడుతుంటే నాకు బాధేస్తుంది. ఐదున్నర అడుగులు ఉన్నవాళ్లకు కూడా కూర్చునే కొలత దాదాపు 65 దగ్గరే వస్తుంది, వాళ్లకూ 73 ఎక్కువే.

త్రీ స్టేజ్ 61, టాప్ 2, మొత్తం 63. వదినకు ఇంకా 4 సెంటీమీటర్లు ఎక్కువ. ఆ కాస్త తేడాకి కుర్చీని 4 సెంటీమీటర్లు లేపి, పాదాల కింద అంతే ఎత్తున్న చెక్క పీట వేసుకుంటే సరిపోతుంది. ఇదే చిట్కాతో 76 బల్లనే వాడుకోవచ్చు కదా అంటే, 17 సెంటీమీటర్లు కుర్చీ లేపడం వేరు, అంత ఎత్తు పీట మీద కాళ్లు పెట్టుకుని రోజంతా కుదురుగా కూర్చోలేరు, లేచి దిగడమే పెద్ద పని.

ఉన్న బల్ల మీద పెట్టుకుని పైకి లేపుకునే స్టాండ్లు కూడా అమ్ముతున్నారు. అవి ఉన్న బల్ల మీద ఇంకొన్ని సెంటీమీటర్లు ఎత్తు పెంచుతాయి తప్ప తగ్గించవు. పొడుగువాళ్లకు, ఇల్లు తరచూ మారేవాళ్లకు పర్వాలేదు, పొట్టివాళ్లకు మాత్రం వద్దంటాను. చేత్తో తిప్పే హ్యాండిల్ బల్లలు కరెంటు అక్కర్లేనివే, కానీ ఒక్కసారి లేపాలంటే చాలా చుట్లు తిప్పాలి, కొన్నాళ్లకు తిప్పడం మానేస్తారు.

మోటార్లు ఒకటి ఉన్నవీ, కాలికొకటి చొప్పున రెండు ఉన్నవీ వస్తాయి. ఒకటి ఉంటే సాధారణంగా 70–80 కిలోలు, రెండైతే 100–120 కిలోలు మోస్తుంది. ఆ బరువులో టాప్ కూడా కలిసే ఉంటుందని గుర్తుంచుకోండి. నాలుగడుగులు పొడవు, రెండడుగులు వెడల్పు, 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ దాదాపు 8–9 కిలోలు తూగుతుంది. మానిటరు, కంప్యూటరు, పుస్తకాలు అన్నీ పెట్టినా మామూలు ఇంటి పనికి ఒక మోటారు చాలు. అయితే ఒక మోటారువి ఎక్కువగా టూ స్టేజ్, రెండు మోటార్లవి ఎక్కువగా త్రీ స్టేజ్ వస్తుంటాయి కాబట్టి ఎత్తు కోసమైనా రెండు మోటార్లదే తీసుకోవాల్సి రావచ్చు. వేగం గురించి తల బద్దలు కొట్టుకోకండి, పది పన్నెండు సెకన్లకూ పద్దెనిమిది సెకన్లకూ తేడా ఎవరికీ పట్టదు.

వంటింటి గట్టు వేయగా మిగిలిన చీమకుర్తి గ్రానైట్ పలక ఉంది, అది వేసేద్దాం అని ఎవరో ఒకరు ఇంట్లో తప్పకుండా అంటారు. అదే కొలతకు గ్రానైట్ 35 కిలోలు తూగుతుంది. మోటారు మోసినా, ఫ్రేమ్‌కి స్క్రూలు బిగించే వీలు లేదు, ఆధారం లేని అంచుల దగ్గర పగులుతుంది, ఎత్తులో ఉండగా జారిందంటే కాళ్ల మీద పడుతుంది. వద్దు.

షాపులో బల్లను మీ నిలబడే కొలతకు లేపించి, రెండు చేతులూ అంచు మీద పెట్టి ముందుకీ వెనక్కీ, తర్వాత పక్కలకీ మెల్లగా ఊపండి. కొంచెం కదలడం సహజం. టైప్ చేస్తుంటే మానిటరు వణికేంత కదలిక ఉంటే మాత్రం అది మీ కళ్లను రోజూ ఇబ్బంది పెడుతుంది. ఇంటికి తెచ్చాక కదిలితే ముందు నేల చూడండి, కాళ్ల అడుగున తిప్పే గుబ్బలుంటాయి, పాత ఇళ్లలో నాపరాళ్ల నేల ఎగుడుదిగుడుగా ఉంటుంది కాబట్టి వాటితోనే సరిచేసుకోవాలి. షాపులోనే ఒక ప్లాస్టిక్ స్టూలు కింద పెట్టించి బల్లను దింపించండి. స్టూలుకు తగలగానే ఆగి కాస్త పైకి లేవాలి. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఈ పరీక్ష చేయకుండా, బటన్లకు లాక్ ఉందో లేదో చూడకుండా డబ్బు కట్టొద్దు.

కరెంటు సంగతి చాలామంది టెన్షన్ పడతారు. మధ్యలో కరెంటు పోతే బల్ల కింద పడదు, లోపలి మర ఎక్కడిదక్కడే పట్టుకుని ఉంటుంది. కరెంటు వచ్చాక కొన్నిసార్లు డిస్‌ప్లేలో ఏవో అక్షరాలు చూపించి కదలకుండా ఉంటే, చాలా మోడళ్లలో కిందికి దించే బటన్‌ను అడుగుకు చేరేదాకా నొక్కి పట్టుకుంటే మళ్లీ మామూలవుతుంది. ఫ్రేమ్ అంతా ఇనుమే కాబట్టి ఎర్తింగ్ ఉన్న మూడు పిన్నుల సాకెట్‌కే పెట్టండి, పాత ఇంట్లో ఉంటే ఎలక్ట్రీషియన్‌తో ఎర్తింగ్ చూపించుకోండి. వరుసగా ఎక్కించి దించి ఆడుకోవడానికి పిల్లలకు ఇవ్వకండి, ఈ మోటార్లకు సాధారణంగా 2 నిమిషాలు తిరిగితే 18 నిమిషాలు విశ్రాంతి అని కంట్రోల్ బాక్స్ మీదే రాసి ఉంటుంది.

వారంటీ కాగితంలో సంవత్సరాల కన్నా ముందు ఒకటి చూడండి, మోటారు పాడైతే మనిషి మీ ఊరొచ్చి బాగుచేస్తాడా, లేక ఆ కాళ్లు మీరే విప్పి పార్సిల్ పంపాలా. హైదరాబాద్‌కే సర్వీసు అని అక్కడ సన్నటి అక్షరాల్లో ఉంటే విజయవాడలో ఉన్న మీకు అది లేనట్టే. దీనికి జవాబు ఫోన్‌లో కాకుండా మెసేజ్‌లోనో మెయిల్‌లోనో రాతపూర్వకంగా తీసుకోండి.

వచ్చే పాఠానికి ముందు మీరు చేయాల్సిన పని. ఇంట్లో ఆ బల్ల వాడేవాళ్లందరి కూర్చునే కొలత, నిలబడే కొలత ఒక కాగితం మీద రాయండి, అన్నిటికన్నా చిన్న అంకె, అన్నిటికన్నా పెద్ద అంకె చుట్టూ గుండ్రం గీయండి. బల్ల పెట్టే చోట గోడ నుంచి మంచం దాకా, కిటికీ గట్టు దాకా ఎంత ఖాళీ ఉందో కొలవండి, బల్ల లేచేటప్పుడు కిటికీ రెక్క గానీ అల్మరా గానీ తగులుతుందేమో చూడండి. మూడో పాఠంలో టాప్ సంగతి, మన ఉక్కపోతకు, 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు వచ్చిన సింగ్ నగర్ లాంటి చోట్లకు ఏ బోర్డు పనికొస్తుంది, ఏది ఉబ్బిపోతుంది, ఒక 8×4 ప్లైవుడ్ షీటును కార్పెంటర్‌తో వృథా లేకుండా ఎలా కోయించుకోవాలో చూద్దాం.