డాబా మీద నుంచి హబుల్ చర నెబ్యులా: వారం వారం ఒకే తీరున ఫోటో తీయడం

నెబ్యులాలు (అంతరిక్షంలోని ధూళి, వాయు మేఘాలు) మన జీవితకాలంలో మారవన్న మాట చాలావరకు నిజమే గాని, వయసులో ఇంకా పసివైన నక్షత్రాల వెలుగుతో కనిపించే కొన్ని నెబ్యులాలు మాత్రం వారాల్లోనే రూపు మార్చుకుంటాయి. వాటిలో విజయవాడ, గుంటూరు వారికి అన్నిటికంటే అనువైనది మోనోసెరాస్ తారామండలంలోని ఎన్‌జీసీ 2261. దీనిని 1783లో విలియం హెర్షెల్ కనుగొన్నాడు. ఇది మారుతూ ఉంటుందని 1916లో ఎడ్విన్ హబుల్ ప్రకటించడంతో ఆయన పేరుతోనే దీనికి హబుల్ చర (అంటే మారే) నెబ్యులా అన్న పేరు స్థిరపడింది. దాని దక్షిణపు కొసన ఆర్ మోనోసెరోటిస్ అనే నక్షత్రం ఉంటుంది, అక్కడి నుంచి ఉత్తరానికి విసనకర్రలా వెలుగు పరుచుకుంటుంది. దీపం దగ్గర చెయ్యి అడ్డం పెడితే ఎదుటి గోడంతా నీడ పడినట్టు, నక్షత్రానికి బాగా దగ్గరగా తిరిగే ధూళి మేఘాల నీడలు ఆ విసనకర్ర మీద పడి కదులుతుంటాయి. మనం ఫోటో తీసేది ఆ నీడలను. కాబట్టి ఇక్కడ ఒక్క అందమైన ఫోటో కంటే, ఒకే పద్ధతిలో తీసిన ఆరు సాదా ఫోటోలకే విలువ ఎక్కువ. లోవెల్ అబ్జర్వేటరీలో కార్ల్ లాంప్లాండ్ దీనిని దశాబ్దాల పాటు అదే పనిగా ఫోటోలు తీస్తూ వచ్చాడు.

జనవరి మొదట్లో ఇది అర్ధరాత్రి వేళకు, ఫిబ్రవరి నడుమ రాత్రి తొమ్మిదింటికి దాదాపు నడినెత్తికి వస్తుంది. మన అక్షాంశం 16.5 డిగ్రీలు కాబట్టి అప్పుడు దాని ఎత్తు సుమారు 82 డిగ్రీలుంటుంది. బెజవాడ వీధి దీపాల వెలుతురు, కృష్ణ మీది మంచు పొర దిగంతం దగ్గర ఎంత చికాకు పెట్టినా, అంత ఎత్తున వాటి బాధ తక్కువ. ఆర్ద్ర నక్షత్రానికీ ప్రోసియాన్ అనే ప్రకాశవంతమైన నక్షత్రానికీ నడుమ గీత గీసుకుని, సగం దూరం చేరకముందే కాస్త ఉత్తరానికి వెతికితే ఎన్‌జీసీ 2264 తారాగుచ్ఛం దొరుకుతుంది. అక్కడి నుంచి ఒక డిగ్రీకి కొంచెం ఎక్కువ దక్షిణానికి దిగితే మన నెబ్యులా కనిపిస్తుంది. వెన్నెల దీనికి శత్రువు కనుక, బహుళ సప్తమి నుంచి శుద్ధ తదియ వరకు ఉండే రాత్రులను ఎంచుకోవాలి.

ఊళ్లో ఉన్నవారు నగర కాంతిని తట్టుకోవడానికి హైడ్రోజన్, ఆక్సిజన్ వెలుగులను మాత్రమే వదిలే ఫిల్టర్లు కొంటుంటారు. ఇక్కడ అవి పనికిరావు. ఈ నెబ్యులా ప్రధానంగా నక్షత్రపు వెలుగును ప్రతిఫలించేది కావడం వల్ల, ఆ ఫిల్టరు నగర కాంతితో పాటు నెబ్యులాను కూడా ఆపేస్తుంది. ఆ డబ్బు టెలిస్కోపును మోస్తూ నక్షత్రాల వెంట తిప్పే మౌంటు మీద పెట్టడం మేలు.

మౌంటు విషయంలో మన ప్రాంతానికి ప్రత్యేకమైన ఇబ్బంది ఒకటుంది. ఈక్వటోరియల్ మౌంటు ఇరుసును ధ్రువ నక్షత్రం వైపు గురిపెట్టాలి, అదేమో ఇక్కడ దిగంతానికి 16.5 డిగ్రీల ఎత్తునే ఉంటుంది, ఉత్తరాన అపార్టుమెంటు లేస్తే ఇక అది కనిపించదు. అలాంటి చోట నక్షత్రం పక్కకు జరిగే తీరును చూసి ఇరుసును సరిచేసే డ్రిఫ్ట్ పద్ధతిలో అలైన్‌మెంట్ చేసుకోవాలి. ఈక్వటోరియల్ మౌంటు కొనేముందు అది 16 డిగ్రీల దాకా వంగుతుందా, వంగినప్పుడు కౌంటర్ వెయిట్ ట్రైపాడ్ కాలికి తగులుతుందా అన్నది చూసుకోవాలి. డాబా శ్లాబు పగటి వేడిని రాత్రి పదింటి దాకా వదులుతూనే ఉంటుంది, అందుకని తొందరపడక శ్లాబు చల్లారాక మొదలుపెట్టడం మంచిది. ఫోటోలు తీసే గంటన్నర సేపు ఎవరూ డాబా మీద నడవకుండా చూసుకోవాలి.

నెబ్యులా పొడవు రెండు ఆర్క్‌నిమిషాల (ఆర్క్‌నిమిషం అంటే డిగ్రీలో అరవయ్యో వంతు, అందులో అరవయ్యో వంతు ఆర్క్‌సెకను) వరకే ఉంటుంది. 1000 మిల్లీమీటర్ల ఫోకల్ లెంగ్త్ ఉన్న ఎనిమిది అంగుళాల న్యూటోనియన్ (అద్దాల) టెలిస్కోపుకు 3.76 మైక్రాన్ల పిక్సెళ్లున్న కెమెరా తగిలిస్తే ఒక్కో పిక్సెల్‌కు 0.78 ఆర్క్‌సెకన్లు వస్తుంది, నెబ్యులా సుమారు 150 పిక్సెళ్ల మేర పరుచుకుంటుంది. అదే 200 మిల్లీమీటర్ల లెన్సుతో అయితే సుమారు ముప్ఫై పిక్సెళ్లే వస్తాయి, ఇక నీడలు చూడడం కల్ల. ఎక్స్‌పోజరు 30 నుంచి 60 సెకన్లు చాలు, అంతకు మించితే కొసన ఉన్న నక్షత్రం చుట్టూ తెల్లగా మాడిపోతుంది. ఇలాంటివి వంద ఫ్రేములు తీసి స్టాక్ చేయాలి, అంటే అన్నిటినీ కలిపి ఒక్క ఫోటో చేయాలి. కెమెరా సొంత మచ్చలను తీసేయడానికి మూత పెట్టి తీసే డార్క్ ఫ్రేములు అదే రాత్రి, అదే ఉష్ణోగ్రత దగ్గర తీయాలి. ఫోటో మూలల చీకటిని, దుమ్ము మచ్చలను సరిదిద్దే ఫ్లాట్ ఫ్రేములకు తెల్లవారాక గొట్టం మూతికి ఉతికిన తెల్ల పంచె ముడతలు లేకుండా బిగించి, ఆకాశం వైపు పెడితే సరిపోతుంది.

అసలు పొరపాటు జరిగేది డాబా దిగాక కంప్యూటర్ దగ్గర. ఒకసారి మూడో వారం ఫోటోలో విసనకర్ర పడమటి అంచు మాయమైందని సంబరపడి, నీడ పట్టేశానని ఇంట్లో వాళ్లందరినీ పిలిచి చూపించాను. మర్నాడు పక్కనున్న రెండు నక్షత్రాలను కొలిస్తే అవీ అంతే మేరకు మసకబారి ఉన్నాయి. ఆ రాత్రి సెకండరీ అద్దానికి మంచు పట్టింది, దానికి తోడు ఫోటో వెలుగునీడలను సాఫ్ట్‌వేరే సాగదీసే ఆటోమేటిక్ స్ట్రెచ్ మిగిలిన కాస్త వెలుగునూ మింగేసింది. అప్పటి నుంచి అద్దానికి హీటరు పట్టీ కడుతున్నాను. సిరిల్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో స్ట్రెచ్ చేసే ముందే, మాడిపోని, వెలుగు మారని రెండు మూడు నక్షత్రాల కాంతినీ, నేపథ్యాన్నీ మొదటి వారం ఫోటోతో సమానం చేస్తున్నాను. ఆ తర్వాత నలుపు, తెలుపు, మధ్య విలువలను నోటు పుస్తకంలో రాసుకుని, ప్రతి వారం అవే అంకెలు వేయాలి. నడినెత్తి దాటాక మౌంటు తిరగబడితే ఫోటో కూడా తలకిందులవుతుంది కనుక, వీలైనంత వరకు అన్ని వారాలూ ఒకే వైపున తీయాలి, కెమెరాను మాత్రం విప్పకూడదు.

ఇది అలవాటైన వారు వృషభంలోని టీ టారీ అనే నక్షత్రం పక్కనున్న హైండ్ నెబ్యులాకు వెళ్లవచ్చు. మన నడినెత్తి మీదుగా సాగిపోయే రోహిణికి అది దగ్గరే గాని చాలా మసక, దానికి ఊరు విడిచి మాచర్ల వైపు వెళ్లక తప్పదు. ఏప్రిల్ చివర తెల్లవారుజామున ఐదింటికి దక్షిణాన 36 డిగ్రీల ఎత్తుకు వచ్చే ఎన్‌జీసీ 6729 నెబ్యులా కూడా ఇలా మారేదే. ఉత్తర ఐరోపా వారికి అది దిగంతం పైకే రాదు. అది పైకెక్కే వేళకే తెల్లవారిపోతుంది గనుక, ముందు రాత్రే అన్నీ బిగించి ఉంచుకోవాలి.