శిఖరం మీద మొండికేసిన యాంటెన్నా

ఐదు గంటలు ఎక్కి 3,000 మీటర్ల పైనున్న శిఖరం చేరాక నా హ్యామ్ రేడియో ఆన్ చేస్తే ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నాకి పంపిన పవర్ ఎంత వెనక్కి తిరిగొస్తోందో చెప్పే కొలత, 1కి దగ్గరుంటే మంచిది) 10 దాటిపోయింది. ముందురోజు కింద ఇదే యాంటెన్నా 1.3 చూపించింది. సోటా (శిఖరాల మీదనుంచి ఇతర హ్యామ్‌లతో రేడియోలో మాట్లాడే కార్యక్రమం) పాయింట్లు రావాలంటే పైనుంచి కనీసం 4 కాంటాక్టులు చెయ్యాలి. నాకు ఒక్కటీ లేదు. పైగా పడమట మబ్బు కమ్ముకొస్తోంది. టెన్షన్ మొదలైంది.

నా యాంటెన్నా సగం తరంగం పొడవుండే తీగ; 20 మీటర్ల తరంగదైర్ఘ్యపు బ్యాండుకు అది దాదాపు 10 మీటర్లు. గాలికి దాన్ని నిలబెట్టే మాస్టు వంగి తీగ కొస తడి బండకు ఆనుతోంది. రాళ్లు పేర్చి మాస్టు నిలబెట్టాను. మీటర్ కదల్లేదు. కేబుల్ కనెక్టర్ విప్పి తుడిచాను. ఊహూఁ.

చివరికి గ్లవ్స్ తీసేసి తీగని వేళ్ల మధ్య తడుముతూ వచ్చాను. చేతులు కొంకర్లు పోయాయిగానీ, గ్లవ్స్‌తో ఇది దొరికేది కాదు. తీగని కేబుల్‌కి కలిపే ట్రాన్స్‌ఫార్మర్ డబ్బాకి జానెడు దూరంలో ఒకచోట తీగ మెత్తగా, ఉత్త రబ్బరులా వంగింది. పై తొడుగు చెక్కుచెదరలేదు, లోపల రాగి తెగిపోయింది. ప్రతిసారీ అక్కడే మడిచి చుట్టడం నా నిర్వాకమే.

చాకుతో తొడుగు గీకి, రెండు కొసలూ మెలేసి టేపు చుట్టాను. 1.5! తీగ కాస్త పొట్టిదైంది కాబట్టి రెజొనెన్స్ (యాంటెన్నా బాగా పలికే ఫ్రీక్వెన్సీ) కొంచెం పైకి జరిగింది, అంతే. చలికి లిథియం బ్యాటరీ నీరసిస్తుందని జాకెట్ లోపల దాచుకునే వచ్చాను, అదీ కలిసొచ్చింది. 14.285 మెగాహెర్ట్జ్‌లో పిలిస్తే పావుగంటలో 9 మంది పలికారు.

ఇప్పుడు తీగని 8 అంకె ఆకారంలో వదులుగా చుడుతున్నాను.