రింగ్ ఊజల్‌ని గుర్తుపట్టడం – 4వ పాఠం: చంద్రవంకను చివర చూడండి

రింగ్ ఊజల్ అంటే యూరప్ కొండల్లో ఉండే, బ్లాక్‌బర్డును పోలిన నల్ల పిట్ట. పోయిన పాఠంలో దాని గుర్తుగా “ఎద మీద తెల్ల చంద్రవంక” అని రాసి వదిలేయడం నా తప్పే. మీరు పంపిన ఫొటోల్లో చాలావరకు బ్లాక్‌బర్డులే (అక్కడి పార్కుల్లో మామూలుగా కనబడే నల్ల పిట్టలు). రంగు లోపం వల్ల వాటికి అక్కడక్కడా తెల్ల ఈకలు వస్తాయి. అవి ఎద మీదే వస్తే ఎవరైనా మోసపోతారు.

కాబట్టి ముందు రెక్క. రింగ్ ఊజల్ రెక్కల ఈకలకు లేత అంచులుంటాయి. ముడుచుకున్న రెక్క మీద పల్చగా విబూది రాసినట్టుంటుంది, ఎగిరితే వెండిలా మెరుస్తుంది. బ్లాక్‌బర్డు మగదాని రెక్క ఒట్టి బొగ్గు. తర్వాత కన్ను. బ్లాక్‌బర్డు మగదాని కంటి చుట్టూ పసుపు వలయం ఉంటుంది, రింగ్ ఊజల్‌కి ఉండదు. (పేరులో రింగ్ దీనికి, కంటికి రింగ్ దానికి!) ఆ తర్వాతే చంద్రవంక. మగదానికి రెండు వైపులా సమంగా, తేట తెలుపు. ఆడదానికి మాసినట్టుంటుంది. సెప్టెంబరులో కనబడే పిల్లపిట్టలకు దాదాపు ఉండనే ఉండదు. వంక లేదని వాటిని కొట్టేయకండి, రెక్క చూడండి.

ఆల్ప్స్ వైపు ఉన్నవాళ్లకు ఒక మాట: అక్కడి ఉపజాతిలో మగదాని పొట్ట మీద కూడా తెల్లటి పొలుసుల గీతలుంటాయి. అది చూసి ఆడపిట్ట అనుకోవద్దు.

ఎక్కడ వెతకాలి? బ్రిటన్‌లో చెట్లు లేని, హెదర్ అనే పొట్టి పొదలు నిండిన కొండలు, రాతి వాగులు. ఆల్ప్స్‌లో అడవి పలచబడే ఎత్తున, స్ప్రూస్ చెట్లకూ పచ్చికకూ మధ్య. గూటికి హెదర్ గుబురు, మేతకు గొర్రెలు మేసిన పొట్టి గడ్డి దగ్గరదగ్గరగా ఉన్నచోటే నిలబడండి. వసంతంలో దాని తిండి వానపాములూ పురుగులూ. గడ్డి ఎత్తుగా ఉంటే అవి దొరకవు. ఎండాకాలం చివరికి బిల్‌బెర్రీ, రోవన్ పళ్లకు మారుతుంది. చలికాలమంతా దక్షిణ స్పెయిన్, మొరాకో అట్లాస్ కొండల్లో, జునిపర్ పళ్ల మీద. బ్రిటన్‌కు మార్చిలో రావడం మొదలుపెట్టి, సెప్టెంబరు, అక్టోబరుల్లో వెళ్లిపోతుంది.

గులకరాళ్లు కొట్టుకున్నట్టు “టక్ టక్ టక్” ఆగకుండా వినిపిస్తే గూడు దగ్గర్లో ఉన్నట్టే. వెంటనే వెనక్కి రండి, ఫొటో కోసం ఆగొద్దు.

అభ్యాసం: ఈ వారం మీ పార్కులో 30 బ్లాక్‌బర్డుల్ని చూసి, ఒక్కోదానికి రెక్క, కన్ను, ముక్కు రంగు రాయండి. ఎద గురించి ఒక్క ముక్క కూడా రాయొద్దు.